పిలుపు, హక్కు, వెల: కారంపూడి వీరగాథా ప్రదర్శనలో కళాకారుని ఎన్నిక – చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

పెండ్లికో, జాతరకో, సభకో ఒక కళాకారుని కుదుర్చుకొనేటప్పుడు పెద్దల ముందు మూడు ప్రశ్నలు ఉంటాయి. ఈ సందర్భానికి ఎవరు తగినవారు? వారికి ఏమి ఇవ్వాలి? ఏ కథను, ఎంతసేపు చెప్పించాలి? మన జానపద విజ్ఞాన పరిశోధనలో కళారూపాల పుట్టుక, ఛందస్సు, వాద్యవిశేషాలు చర్చకు వచ్చినంతగా ఈ మూడు ప్రశ్నలు రాలేదు. అయితే కళాకారునికీ పిలిచినవారికీ మధ్యనున్న ఏర్పాటు మారినప్పుడు కథా గమనం, నిడివి, చివరకు దాని ప్రయోజనం కూడా మారతాయి. పల్నాటి వీరగాథ ఇందుకు మంచి ఉదాహరణ. ఒకే కథ ఒక చోట హక్కుగా, ఒక చోట వృత్తిగా, మరొక చోట ఒప్పందంగా ప్రదర్శితమైంది. ఈ భేదాన్ని కారంపూడి కేంద్రంగా పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

ఓరుగల్లు వీధిలో వీరగాథ

వంశపారంపర్య గానం ప్రాచీనమనీ, వృత్తిగాయకులు ఆధునికులనీ సాధారణంగా అనుకొంటాం. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన క్రీడాభిరామం ఈ అభిప్రాయాన్ని పునరాలోచింపజేస్తుంది. మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగల్లు వీధులలో తిరుగుతూ చూసిన వినోదాలలో పల్నాటి వీరుల కథాగానం ఒకటి. ఒక స్త్రీ వాద్యం మ్రోగుతుండగా వీరుల కథను ద్విపదలో పాడుతుంది. వింటున్న యువకులు ఆవేశంతో ఊగిపోతారు. శ్రోతలు పల్నాటివారే కానక్కరలేదు. సందర్భం వీరారాధనే కానక్కరలేదు. నగరంలో వచ్చేపోయేవారు నిలిచి వినే గానమది. అంటే క్రీడాభిరామ రచనాకాలానికే ఈ గాథ పుట్టిన సీమను దాటి నగర వినోదాలలో ఒకటిగా కవి ఊహకు అందింది. కాబట్టి హక్కుగా పాడడం, వృత్తిగా పాడడం అనే రెండు మార్గాలను కాలక్రమంలో ఒకదాని తరువాత ఒకటిగా కాక, పక్కపక్కన సాగినవిగా చూడడం సమంజసం.

కారంపూడి: ఎన్నిక అవసరంలేని గాయకుడు

నాగులేటి ఒడ్డునున్న కారంపూడిలో ఏటా కార్తిక అమావాస్యతో మొదలై అయిదు రోజులు పల్నాటి వీరారాధనోత్సవం జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ రోజుల పేర్లు. వివిధ ప్రాంతాల ఆచారవంతులు వీరుల ఆయుధాలుగా భావించే కొణతాలతో వీరుల గుడికి చేరుకొంటారు. గాథను గానం చేసేవారు వీరవిద్యావంతులు. వీరు మాల కులానికి చెందిన గాయకులు. కథలో బ్రహ్మనాయుడు కుమారునిగా స్వీకరించిన సేనాని కన్నమదాసు కూడా ఆ కులంవాడే. జీన్ రోఘైర్ 1982లో ఆక్స్‌ఫర్డ్ నుండి ప్రకటించిన పల్నాటి గాథా పరిశోధనకు గాలెయ్య అనే వీరవిద్యావంతుని గానమే మూలం.

ఇక్కడ ‘ఎవరిని పిలవాలి’ అనే ప్రశ్నే పుట్టదు. గాయకుని యోగ్యతను కంఠమాధుర్యమో, ఖ్యాతియో నిర్ణయించవు. వంశం, దీక్ష, వీరులతో ఉన్న సంబంధం నిర్ణయిస్తాయి. కథను ఎంచుకొనే పని కూడా ఉండదు. ఆ రోజు పేరే ఆనాటి ఘట్టాన్ని నిర్దేశిస్తుంది.

ఉత్సవక్రమంలో ఒక విశేషం గమనింపదగినది. కథలో కోడిపోరు ముందు జరుగుతుంది. పందెంలో ఓడిన బ్రహ్మనాయుని వర్గం మాచర్లను విడిచి వెళ్తుంది. గడువు తీరిన తరువాతనే అలరాజు రాయబారం. ఉత్సవంలో రాయబారం రెండవ రోజున, కోడిపోరు నాల్గవ రోజున వస్తాయి. వినోదం కోసం కుదిరిన బృందమేదైనా కోడిపందెంతో కుతూహలం రేపి, రాయబారంతో ఉద్రిక్తత పెంచి, యుద్ధంతో ముగిస్తుంది. ఉత్సవానికి ఆ అవసరం లేదు, ఎందుకంటే శ్రోతలకు కథ ముందే తెలుసు. వీరులను తలచుకోవడం, వారికి చెల్లించవలసినది చెల్లించడం అక్కడి పని. మందపోరునాటి చాపకూడులో కులభేదం లేకుండా కలిసి తినడం ఎటువంటిదో, ఆ రాత్రి గానం కూడా అటువంటిదే. రెండూ చూసి ఆనందించడానికే కాక, పాల్గొని నెరవేర్చడానికి ఉన్నవి.

ఇటువంటి హక్కు తెలుగునాట ఇతరత్రా కూడా ఉంది. మాదిగలకు చిందు, డక్కలి కళాకారులు, పద్మశాలీలకు కూనపులివారు, గొల్లలకు మందహెచ్చులవారు ఆశ్రితులు. తెలంగాణలో మిరాశి అనే మాట ఈ సంబంధాన్నే సూచిస్తుంది. ఎవరు ఏ ఊళ్లలో అడగవచ్చునో ముందే పంపకమై ఉంటుంది. దాత కాదనలేడు. కానీ ఈ వ్యవస్థను ఆదర్శీకరించడం సరికాదు. కాదనే స్వేచ్ఛ దాతకు లేనట్లే గాయకునికీ లేదు. వెల అడిగే వీలు కూడా అతనికి తక్కువ. హక్కు గౌరవాన్ని ఇచ్చింది, దానితోపాటు కులం గీచిన గిరినీ నిలిపింది.

మేళం నుండి కాంట్రాక్టు దాకా

రెండవ మార్గంలో ఎన్నికే ప్రధానం. తాంబూలం, బయానా ఇచ్చి మేళాన్ని కుదుర్చుకోవడం సంపన్నుల పెండ్లిళ్లలో మర్యాదగా ఉండేది. భోగం మేళం పెట్టించడం ఇంటి ప్రతిష్ఠకు గుర్తు. పందొమ్మిదవ శతాబ్ది చివర కందుకూరి వీరేశలింగం ప్రభృతులు ఈ ఆచారాన్ని నిరసించడంతో ‘తగిన కళాకారుడు ఎవరు’ అనే ప్రశ్న నైతిక ప్రశ్నగా మారింది. 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టం ఆ పరిణామానికి శాసనరూపం. కళాకారిణుల నైపుణ్యం మాత్రం ఈ చర్చలో చాలావరకు పక్కకు జరిగింది. కుదుర్చుకొనేవారి గౌరవభావన మారినప్పుడు కుదిరేవారి జీవిక తెగిపోతుందనడానికి ఇది నిదర్శనం.

అదే కాలంలో పిలుపు కొత్త కళకు పుట్టుక కూడా అయింది. తోలుబొమ్మలాట కుటుంబానికి చెందిన వనారస గోవిందరావు 1885లో కడప ప్రాంతపు సురభి గ్రామంలో కీచకవధ ప్రదర్శించడంతో సురభి నాటక సమాజ చరిత్ర మొదలైంది. ఆ ప్రదర్శన ఒక వివాహ సందర్భంలో జరిగిందని ఆ సమాజపు సంప్రదాయ కథనం.

ఒప్పందం పరాకాష్ఠకు చేరింది కాంట్రాక్టు నాటకాలలో. కాంట్రాక్టరు పేరున్న నటులను వేర్వేరు ఊళ్ల నుండి విడివిడిగా కుదిర్చి ఒక రాత్రికి ఒక రంగస్థలంపై చేర్చేవాడు. ఒకే నాటకంలో అంకానికొక కృష్ణుడు కనిపించడం వీటి ఆకర్షణ. ప్రేక్షకులు కథ కోసం కాక గాయకనటుల పద్యాల కోసం వచ్చేవారు. సమష్టి సాధనకు అవకాశం తగ్గింది. వ్యక్తిగత గానప్రతిభకు మాత్రం అంతకుముందెన్నడూ లేని వెల లభించింది.

ఒకే గాథ, రెండు ఏర్పాట్లు

పల్నాటి గాథ విషయంలో ఈ భేదం స్పష్టంగా కనిపించేది షేక్ నాజర్ బుర్రకథలో. గుంటూరు జిల్లా పొన్నెకల్లుకు చెందిన నాజర్ (1920–1997) ప్రజానాట్యమండలి కళాకారునిగా ప్రసిద్ధుడై, 1986లో పద్మశ్రీ పొందారు. పల్నాటి యుద్ధం ఆయన ప్రఖ్యాత కథలలో ఒకటి. కథకుడు నడుమ, ఇరువైపుల ఇద్దరు వంతలు. ఒకరు హాస్యం పలికితే మరొకరు సమకాలిక రాజకీయం పలుకుతారు. కథ ఒక కూర్పుతో సాగి ఆ రాత్రే ముగుస్తుంది. పల్నాటి వీరులతో కులసంబంధం గానీ, ఆచారసంబంధం గానీ లేని ఒక ముస్లిం కళాకారుడు ఆ గాథను తెలుగువారందరి కథగా వినిపించగలగడం ఒప్పందపద్ధతి సాధించిన గొప్ప ఫలితం. హక్కుపద్ధతిలో అది సాధ్యమయ్యేది కాదు.

అలాగని నాజర్ కథ వీరవిద్యావంతుల గానానికి ప్రత్యామ్నాయం కాదు. మొదటిది కథను ఊరూరికీ చేర్చింది. రెండవది కథను ఒక ఊరిలో, ఒక తిథిలో నిలిపి ఉంచింది. వీరవిద్యావంతుని వేరొకరితో మార్చలేము. బుర్రకథకుని మార్చవచ్చు, అయితే ఆయనకు కాదనే స్వేచ్ఛ ఉంది. 1911లో అక్కిరాజు ఉమాకాంత విద్యాశేఖరులు పల్నాటి వీరచరిత్రను ప్రకటించడంతో గాథకు గ్రంథరూపంలో మూడవ జీవితం లభించింది. ఆ ముద్రిత పాఠానికి గాయకుని పిలువవలసిన అవసరమే లేదు.

వేదికపైకి వచ్చిన హక్కుదారు

నేడు జానపదోత్సవాలు, విశ్వవిద్యాలయ సదస్సులు ఆశ్రిత కళాకారులను వేదికలపైకి ఆహ్వానిస్తున్నాయి. ఇక్కడ రెండు పద్ధతులూ కలగాపులగమవుతాయి. గాయకుని ఎంపిక చేసేటప్పుడు మనం హక్కును చూస్తాం. ‘అసలైన’ వీరవిద్యావంతుడే కావాలంటాం. సమయం కేటాయించేటప్పుడు మాత్రం ఒప్పందాన్ని అనుసరిస్తాం, అరగంటలో ముగించమంటాం. పారితోషికం దగ్గరకు వచ్చేసరికి ఒప్పందాన్ని విడిచి, శాలువాతో కూడిన సంభావన దగ్గర ఆగుతాం. ఫలితంగా గాయకునికి హక్కులోని నిశ్చింతా దక్కదు, ఒప్పందంలోని వెలా దక్కదు. రాత్రుల తరబడి సాగే గాథను అరగంటకు కుదించమన్నప్పుడు అతడు సహజంగానే వేగంగల ఘట్టాన్నీ, వాద్యపు జోరునూ ఎన్నుకొంటాడు. ఆ ముక్కనే మనం రికార్డు చేసి, దానినే సంప్రదాయంగా వ్యాఖ్యానించే ప్రమాదం ఉంది.

ముగింపు

పై పరిశీలన వలన తేలే అంశాలు ఇవి. పల్నాటి గాథకు హక్కుగాయకుడూ, వృత్తిగాయకుడూ ఇద్దరూ పాతవారే. తగిన కళాకారుడు ఎవరన్నది సందర్భం నిర్ణయించే విషయం. కారంపూడి ఉత్సవక్రమం కథాక్రమానికి లోబడకపోవడం ఆ గానం ఆరాధనాంగమనడానికి బలమైన ఆధారం. ఏ పద్ధతిలోనైనా ఏర్పాటు స్వరూపం పాఠస్వరూపాన్ని మారుస్తుంది. కాబట్టి జానపద పాఠాన్ని సేకరించేవారు గాయకుని పేరు, తేదీలతోపాటు ఎవరు పిలిచారు, ఏమి ఇచ్చారు, ఎంత సమయమిచ్చారు అన్న వివరాలను కూడా నమోదు చేయాలి. సదస్సులకు పిలిచేవారు ఘట్టం ఎన్నికను గాయకునికే వదలి, నిడివినీ పారితోషికాన్నీ ముందుగా మాట్లాడుకోవడం కనీస ధర్మం. వీరవిద్యావంతులు కారంపూడికి ఆ అయిదు రోజులూ కావలసినవారు. మిగిలిన సంవత్సరమంతా వారి విద్య నిలవాలంటే, వారిని పిలిచే మన పద్ధతి కూడా మారాలి.