మూసిన డబ్బా

మా ఇంట్లో పాత లాప్‌టాప్‌కి లినక్స్ ఎక్కించిన రోజు వైఫై రాలేదు. "ఖరాబైందా అబ్బా?" అన్నాడు మా చిన్నోడు. ఖరాబేం కాలేదు బేటా, కార్డుతో మాట్లాడే డ్రైవర్ లేదంతే. దీని వెనక పాత దాస్తాన్ ఒకటుంది.

2000ల మొదట్లో ఎథెరోస్ చిప్పున్న వైఫై కార్డులు చాలామంది వాడేవాళ్లు. ఆ చిప్పుని నడిపించే అసలు భాగం పేరు 'హాల్'. దాన్ని సోర్స్ కోడ్ లేకుండా, మూసిన డబ్బాలా ఇచ్చేవాళ్లు. తెరిచి ఇస్తే ఇజాజత్ లేని ఫ్రీక్వెన్సీల్లో రేడియో వాడతారని కంపెనీ వాదన. వజనున్న మాటే. మరి పైసలిచ్చి కొన్నదాంట్లో ఏం నడుస్తోందో చూసే హక్కు మనకి లేదా? లోపల తప్పుంటే దిద్దేదెవరు?

యునిక్స్ ఖాందాన్‌కే చెందిన ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లు, థియో డి రాట్ ముందుండి, ఆ డబ్బాని సాఫ్‌గా ఇన్కార్ చేశారు. రైక్ ఫ్లోటర్ అనే ఆయన చిప్పు తీరుని తరచి చూసి, కంపెనీ హాల్‌కి బదులు సొంతంగా ఇంకోటి రాశాడు. అది 2005లో ఓపెన్‌బీఎస్‌డీ 3.7తో వచ్చింది. కానీ కాపీ అన్న షక్కు ఉండడంతో లినక్స్ వాళ్లు చాన్నాళ్లు వెనకాడారు. 2007లో వకీళ్లు కోడ్ పరిశీలించి చోరీ లేదన్నారు. వెంటనే ఇంకో తకరార్: లినక్స్ వైపు కొందరు రైక్ పెట్టిన లైసెన్సు తీసేసి తమది పెట్టబోయారు. నన్నడిగితే, ఒకరి మెహనత్‌కి అది నాఇన్సాఫీ. సర్దుకున్నాక 2008లో 'ఎథ్5కే' పేరుతో లినక్స్ 2.6.25లో చేరింది. కొన్ని నెలలకే అసలు హాల్ సోర్స్ కూడా బయటికొచ్చింది!

మా కార్డు వేరే కంపెనీది. పక్కింటి భాయ్ దగ్గర కేబుల్ అడిగి తెచ్చి, దాంతోనే డ్రైవర్ దించుకున్నాం.