గమ్యమును, మజిలీలును

బాటసారికి రెండు ప్రశ్నలు తప్పవు. పోవలసిన చోటు ఏది యనునది మొదటిది. అచ్చటికి ఏ త్రోవను పోవలెననునది రెండవది. మొదటిదానికి ఒక్క మాటతో సమాధానము చెప్పవచ్చును. రెండవదానికి చెప్పవలెనన్నచో త్రోవ పొడవునను గల గురుతులన్నియు చెప్పవలసియుండును. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణమునుండి బయలుదేరి, కాశికి పోయి, 1831లో తిరిగివచ్చిరి. 1838లో అచ్చయిన వారి కాశీయాత్రా చరిత్రమున మజిలీ వెంబడి మజిలీగా ఊరి పేరు, దారి స్వభావము, దాటవలసిన ఏరు, నీటివసతి, అంగళ్లు, దిగుటకు తగిన తావు వ్రాయబడియున్నవి. ఆ త్రోవనే తరువాత పోవువానికి పనికివచ్చునవి ఈ వివరములే.

ఇట్టి మజిలీ గురుతును నేటి యంత్రభాషలో వేపాయింటు అందురు. ఒక చోటి అక్షాంశ రేఖాంశములను, దానికొక పేరును చేర్చి యంత్రములో భద్రపఱచినచో అదియే వేపాయింటు. జియోకాషింగ్ అను దాగుడుపెట్టెల వేటలో అదనపు వేపాయింట్ల ఫైలు అను చిన్న సాధనమొకటి కలదు. అది ఎట్లు పుట్టినది, ఏల అవసరమైనది అనునదే ఈ ప్రసంగ విషయము.

అమెరికా రక్షణశాఖ నిర్మించిన జీపీయస్ వ్యవస్థలో మొదటి ఉపగ్రహము 1978 ఫిబ్రవరి 22న ఆకాశమున కేగినది. ఈ ఉపగ్రహములు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచు, తమ స్థానమును, కాలమును తెలుపు రేడియో సంకేతములను పంపుచుండును. మన చేతిలోని యంత్రము కనీసము నాలుగు ఉపగ్రహముల సంకేతములను అందుకొని, అవి వచ్చుటకు పట్టిన కాలమునుబట్టి తానున్న చోటును లెక్కగట్టును. పిమ్మట, మనము కోరిన తావు ఏ దిక్కున, ఎంత దూరమున నున్నదో ఒక బాణపు గుర్తుతో చూపును. ఆ బాణము చూపునది ఋజురేఖ. పటము లేని యంత్రమునకు నడుమ ఏరున్నదో, ప్రహరీగోడ యున్నదో, ఒకరి పొలమున్నదో తెలియదు.

నడిమి గురుతుల విషయమున ఏమరుపాటు ఎంతటి ఘోరమునకు దారితీయునో విమానయాన చరిత్ర తెలుపుచున్నది. 1983 సెప్టెంబరు 1న కొరియా దేశపు 007 సంఖ్యగల విమానము న్యూయార్కునుండి ఆంకరేజి మీదుగా సియోలునకు పోవుచుండెను. దాని మార్గమందలి వేపాయింట్లు విమానపు గమన నిర్దేశక యంత్రములలో ఎక్కించియుండిరి. అయినను విమానమును నడుపు స్వయంచాలక యంత్రము ఆ వేపాయింట్లను అనుసరింపక, ఒకే దిక్కును పట్టుకొని సాగినదని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 1993లో తన నివేదికయందు తేల్చినది. సిబ్బంది మాత్రము ఒక్కొక్క మజిలీని దాటితిమనియే నేలకు వార్త పంపుచు వచ్చిరి. వాస్తవమునకు వారు దారి తప్పి వందల కిలోమీటర్లు ఉత్తరముగా సోవియట్ గగనతలమున ప్రవేశించియుండిరి. సోవియట్ యుద్ధవిమానము దానిని కూల్చివేసినది. అందలి 269 మందియు మరణించిరి.

ఈ దుర్ఘటన జరిగిన పదునైదు దినములకు, అనగా 1983 సెప్టెంబరు 16న, జీపీయస్ వ్యవస్థ పూర్తికాగానే దానిని పౌరుల వినియోగమునకు కూడ ఇత్తుమని అమెరికా ప్రభుత్వము ప్రకటించినది. అయితే అట్లు ఇచ్చిన సంకేతములో బుద్ధిపూర్వకముగా కొంత దోషమును కలిపి యుంచిరి. దానివలన పౌరుల యంత్రము చూపు స్థానము నూఱు మీటర్ల వఱకు తప్పుచుండెను. 2000 మే 1వ తేది అర్ధరాత్రితో ఆ దోషమును తొలగించిరి. ఒక్క రాత్రిలో సామాన్యుని చేతి యంత్రము తానున్న చోటును పది యిరువది మీటర్లలో చెప్పగలిగినది.

ఆ మార్పును పరీక్షింపగోరి, అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రమున డేవ్ ఉల్మర్ అను ఆయన మే 3న బీవర్ క్రీక్ ఊరి సమీపమున అడవిలో ఒక బకెట్టును దాచెను. అందు పుస్తకములు, ఉండేలు మొదలగు వస్తువులును, వచ్చినవారు వ్రాయుటకు ఒక చిట్టాపుస్తకమును ఉంచెను. ఉత్తర అక్షాంశము 45 డిగ్రీల 17.460 నిమిషములు, పశ్చిమ రేఖాంశము 122 డిగ్రీల 24.800 నిమిషములు అని ఆ చోటును లోకమునకు ప్రకటించెను. ఒక వస్తువును తీసికొనవచ్చును, ఒకటి ఉంచవలెను, ఇదియే నియమము. కొలది దినములలోనే మైక్ టీగ్ అను ఆయన దానిని మొదట కనుగొనెను. ఈ వేటకు జియోకాషింగ్ అను పేరు స్థిరపడి, ఆ సంవత్సరము సెప్టెంబరు 2న పెట్టెల జాబితాను ప్రకటించు స్థానము కూడ వెలసినది.

ఉల్మర్ ఇచ్చినవి రెండంకెలు మాత్రమే. వేట దేశదేశములకు ప్రాకిన కొలది ఆ రెండంకెలు చాలవని తేలినది. పెట్టె మూడువందల మీటర్లలో నున్నదని బాణము చూపును. తీరా నడిచినచో నడుమ ఏరు అడ్డు తగులును. వంతెన రెండు మైళ్ల అవతల నుండును. ఋజురేఖను నమ్మి నడచువాడు ఒకరి తోటను త్రొక్కును, పచ్చిక మొక్కలను నలుపును, చీకటివేళ కొండకొనపై చిక్కుకొనును. కావున పెట్టెను దాచినవారు గమ్యముతోపాటు నడిమి గురుతులను కూడ ఈయసాగిరి. బండి నిలుపవలసిన చోటు, కాలిబాట మొదలగు చోటు, దారిలో చూడవలసిన ఆనవాలు, ఒక ప్రశ్నకు జవాబు వెదుకవలసిన తావు, మఱియొక సూచన దాచిన తావు, చివరి పెట్టె ఉన్న తావు. ఇవి అదనపు వేపాయింట్లలోని రకములు. ఒక మజిలీలో దొరకిన అంకెలతో తరువాతి మజిలీని లెక్కగట్టుకొనవలసిన వేటలును కలవు. అట్టివానిలో దాచవలసిన తావుల అంకెలను ముందుగా వెల్లడింపరు.

ఈ గురుతులను చేతితో ఒక్కొక్కటిగా యంత్రమున నొక్కి ఎక్కించుట విసుగు పుట్టించు పని. అంకె తప్పుటయు సులభము. 2002లో జీపీయెక్స్ అను ఫైలు పద్ధతి వెలువడినది. ఒక్కొక్క తావునకు అక్షాంశము, రేఖాంశము, పేరు, వివరణము, గుర్తు అనువానిని ఏ కంపెనీ యంత్రమైనను, ఏ కంప్యూటరైనను చదువగలుగునట్లు సాదా అక్షరములలో వ్రాయుటయే దాని ఉద్దేశము. వేటగాండ్రు కోరిన పెట్టెల పట్టీని ఈ పద్ధతిలో ఒక కట్టగా పంపు ఏర్పాటు కలిగినది. ఆ కట్టలో రెండు ఫైళ్లుండును. మొదటిదానిలో పెట్టెలు, పేరు చివర డబ్ల్యుపీటీయస్ అను అక్షరములుగల రెండవదానిలో అదనపు వేపాయింట్లు. పెట్టె సంకేతము జీసీ అను అక్షరములతో మొదలగును. దాని మజిలీలకు ఆ రెండక్షరముల స్థానమున వేఱు రెండక్షరములు చేర్చి, తక్కినది అట్లే యుంచుదురు. జీసీ12345 అను పెట్టెకు బండి నిలుపు చోటు పీకే12345 కావచ్చును. చుట్టఱికము పేరులోనే తెలియును.

ఇచ్చటనే పలువురు పొరపడుచుండిరి. మొదటి ఫైలును మాత్రము ఎక్కించి, రెండవదానిని విడిచిపెట్టువారు కొందఱు. వారి యంత్రమున గమ్యములన్నియు కనబడును. త్రోవ ఒక్కటియు కనబడదు. చోటు చాలక విడిచిపెట్టువారు మఱికొందఱు. ఆ తొలినాళ్లలో పేరుపొందిన చిన్న యంత్రములు 500 వేపాయింట్లను మాత్రమే దాచగలిగెడివి. పేరు ఆఱక్షరములకు మించరాదు. ఐదువందల పెట్టెలతోనే నిండిన యంత్రమున మజిలీలకు చోటెక్కడిది? కావున వివేకియైనవాడు పెట్టెల సంఖ్యను తగ్గించి, వానివాని మజిలీలను కూడ ఎక్కించుకొనెడివాడు. 2008 ప్రాంతమున వచ్చిన యంత్రములు ఫైలును యథాతథముగా చదివి, వివరణమును కూడ తెరపై చూపసాగెను. రెండు ఫైళ్లను యంత్రములోని జీపీయెక్స్ అరలో చేర్చిన చాలును. చోటు పెరిగినను రెండవ ఫైలును మఱవరాదను నియమము మాఱలేదు.

మఱియొక జాగ్రత్త కలదు. అక్షాంశమున ఒక నిమిషము నేలపై సుమారు 1,852 మీటర్లు. అందు వెయ్యవ భాగము 1.85 మీటర్లు. ఉల్మర్ అంకెలలోని చివరి స్థానము తప్పినచో కొన్ని అడుగులు అటునిటు వెదకుటతో సరిపోవును. నిమిషముల స్థానమున ఒకటి తప్పినచో దాదాపు రెండు కిలోమీటర్లు దూరమగును. ఫైలు అంకె తప్పును దిద్దదు. తప్పును తప్పుగానే యథాశక్తి వేయిమందికి చేరవేయును. వేపాయింటు వ్రాయువాడు ముందుగా ఆ చోట స్వయముగా నిలువవలెను. పోవువాడు బయలుదేరకముందు రెండు ఫైళ్లును ఎక్కినవో లేదో చూచుకొనవలెను. ఒక్కొక్క మజిలీ చేరినపుడు ఎదుటనున్న వంతెనను, బాటను, రాతిని కన్నులార సరిపోల్చుకొనవలెను.

మజిలీని దాటితినని చెప్పుట వేఱు, దాటుట వేఱు. ఆ రెండింటి నడుమగల యెడమును చూచుకొనకపోవుటచేతనే 269 మంది ఇల్లు చేరలేదు. వినోదమునకు పుట్టిన ఈ చిన్న ఫైలు బాటసారికి కోరుకొను క్షేమము గమ్యమును చేరుట మాత్రమే కాదు. ఒకరి పొలమును త్రొక్కక, ఏటిలో దిగక, చీకటి పడకముందు వచ్చిన త్రోవనే ఇంటికి మఱలుట.