సిజేరియన్ తర్వాత ఆ యూరిన్ పైపు ఎందుకు? ఎవరూ చెప్పని చరిత్ర

ఈ ఎపిసోడ్ ఒక పైపు గురించి. సిజేరియన్ అయిన వాళ్ళ మంచానికి కింద ఒక ప్లాస్టిక్ బ్యాగ్ వేలాడుతుంటుంది, చూసే ఉంటారు. దాని పైపు. మనం యూరిన్ పైపు అంటాం, డాక్టర్లు క్యాథెటర్ అంటారు. బిడ్డని చూడ్డానికి వచ్చిన చుట్టాలందరూ ఆ బ్యాగ్‌ని చూసీ చూడనట్టు పక్కకి తిరిగిపోతారు. దాని గురించి ఎవరూ మాట్లాడరు.

ముందే డేట్ పెట్టుకున్న ఆపరేషన్‌కి మనవాళ్ళు ప్లాన్ చెయ్యనిది ఉండదు కదా. పంతులుగారిని అడిగి ముహూర్తం పెట్టిస్తారు, రూమ్ బుక్ చేస్తారు, బిడ్డ బట్టలు ఉతికి మడత పెడతారు. మా అక్కకి కూడా అన్నీ అలాగే జరిగాయి. పైపు సంగతి మాత్రం ఒక్కరూ చెప్పలేదు. రూమ్‌కి తీసుకొచ్చాక, కాళ్ళు ఇంకా మొద్దుబారే ఉన్నాయి, పక్కన బ్యాగ్ కనిపించింది. "నాకు కిడ్నీకి ఏమైనా అయిందా?" అని బావని అడిగింది. బావకీ తెలీదు. ఆయన బయటికొచ్చి నాకు ఫోన్ చేశారు, నేనేదో యూట్యూబ్‌లో చరిత్ర చెప్తాను కాబట్టి నాకన్నీ తెలుసని ఆయన నమ్మకం. నేను చదివింది బీటెక్, డాక్టర్ని కాదు. కానీ అప్పటినుంచి దీని గురించి చదువుతూనే ఉన్నాను. చదివేకొద్దీ అర్థమైందేంటంటే, ఆ పైపు ఎందుకు వచ్చింది అన్నదానికి గట్టి కారణం ఉంది. ఎంతసేపు ఉండాలి అన్నదానికి మాత్రం చాలా ఏళ్ళు అలవాటే కారణం.

పైపు ఐడియా చాలా పాతది. క్రీ.శ. 79లో అగ్నిపర్వతం బూడిద కింద కప్పబడిపోయిన పాంపేయి ఊరు తెలుసు కదా, అక్కడి తవ్వకాల్లో కంచు క్యాథెటర్లు దొరికాయి. మగవాళ్ళకి పొడుగ్గా, ఎస్ అక్షరంలా వంపు తిరిగినవి. ఆడవాళ్ళకి పొట్టివి. మన సుశ్రుత సంహితలో కూడా నాడీ యంత్రాలు అని గొట్టాల్లాంటి పరికరాల వివరాలు ఉన్నాయి. 1752లో బెంజమిన్ ఫ్రాంక్లిన్, అదే గాలిపటం ఎగరేసిన ఆయన, మూత్రం రాక బాధపడుతున్న అన్న జాన్ కోసం వంగే వెండి గొట్టం ఒకటి డిజైన్ చేశాడు. ఇవన్నీ ఒకటే పనికి: పెట్టు, ఖాళీ చెయ్యి, తీసెయ్యి. లోపల ఉంచేసే పైపు కథ వేరే. ఆ కథలో ప్రసవం ఉంది, చాలా నొప్పి ఉంది.

1840ల్లో అమెరికాలో అలబామా రాష్ట్రం, మాంట్‌గోమరీ ఊరు. అక్కడ జేమ్స్ మేరియన్ సిమ్స్ అనే డాక్టర్. ఆ రోజుల్లో సిజేరియన్ అంటే దాదాపు తల్లి చావే, కాబట్టి బిడ్డ అడ్డం తిరిగినా, ఇరుక్కున్నా రోజుల తరబడి నొప్పులు పడాల్సిందే. బిడ్డ తల అలా నొక్కుతూ ఉంటే మధ్యలో ఉన్న కండకి రక్తం అందక చచ్చిపోతుంది. మూత్రాశయానికీ, యోనికీ మధ్య రంధ్రం పడుతుంది. దాన్ని ఫిస్టులా అంటారు. ఇక ఆ మనిషికి జీవితాంతం మూత్రం కారుతూనే ఉంటుంది. బతికినా ఎవరూ దగ్గరికి రానివ్వరు.

సిమ్స్ దగ్గరికి ఇలాంటి బానిస స్త్రీలని వాళ్ళ యజమానులు పంపారు. వాళ్ళలో ముగ్గురి పేర్లు మనకి తెలుసు: అనార్కా, లూసీ, బెట్సీ. ఇంటి వెనక చిన్న షెడ్డులాంటి ఆసుపత్రిలో సిమ్స్ వాళ్ళ మీద ఆపరేషన్లు చేశాడు, మత్తు లేకుండా. వాళ్ళు ఒప్పుకున్నారని ఆయన రాసుకున్నాడు. బానిసకి "నేను ఒప్పుకోను" అనే హక్కు ఎక్కడిదండీ?

కుట్లు వేస్తే సరిపోదు. మూత్రాశయం నిండితే కుట్టు మీద ఒత్తిడి పడుతుంది, విప్పుకుంటుంది. కాబట్టి మానేదాకా అది ఖాళీగానే ఉండాలి. లూసీకి మొదట ఒక స్పాంజ్ పెట్టి చూశాడు, మూత్రం పీల్చుకుంటుందని. అది లోపలే గట్టిపడి, ఇన్ఫెక్షన్ వచ్చి ఆమె చావు అంచుదాకా వెళ్ళొచ్చింది. ఆ తర్వాతే జారిపోకుండా లోపలే ఉండేలా వంపు తిరిగిన క్యాథెటర్ తయారు చేసుకున్నాడు. అనార్కాకి 1849లో చేసిన 30వ ఆపరేషన్ సక్సెస్ అయింది. అవును, 30వది. అంతకుముందు అన్నిసార్లు ఆ అమ్మాయి ఆ బల్ల మీద పడుకుంది, అన్నిసార్లు రోజుల తరబడి ఆ గొట్టంతో కదలకుండా ఉంది.

సిమ్స్‌కి న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో విగ్రహం పెట్టారు. 2018 ఏప్రిల్‌లో తీసేశారు. 2021లో మాంట్‌గోమరీలో ఆ ముగ్గురు స్త్రీలకి విగ్రహాలు పెట్టారు. నాకైతే ఈ పైపు చరిత్రలో మొదట చెప్పాల్సిన పేరు సిమ్స్‌ది కాదు, అనార్కాది.

సరే, ఇప్పుడు సిజేరియన్ దగ్గరికి వద్దాం. జూలియస్ సీజర్ ఇలా పుట్టాడని చెప్తారు కానీ నమ్మొద్దు. ఆయన తల్లి కొడుకు పెద్దయ్యేదాకా బతికే ఉంది, ఆ కాలంలో పొట్ట కోస్తే అది జరిగే పని కాదు. ఈ ఆపరేషన్ తర్వాత తల్లి బతకడం మొదలైంది 19వ శతాబ్దం చివర్లోనే. 1876లో ఇటలీలో ఎడువార్డో పొర్రో రక్తం ఆపడానికి గర్భసంచినే తీసేశాడు. 1882లో జర్మనీలో మాక్స్ శాంగర్, గర్భసంచిని తీసెయ్యకుండా లోపలి కోతని కూడా కుట్టాలని చెప్పాడు. వినడానికి ఎంత మామూలుగా ఉందో చూడండి. అప్పటిదాకా చాలామంది దాన్ని కుట్టేవాళ్ళే కాదు.

అప్పట్లో గర్భసంచి పై భాగంలో నిలువుగా కోసేవాళ్ళు. 1920ల్లో గ్లాస్గోకి చెందిన మన్రో కెర్ కింది భాగంలో అడ్డంగా కోద్దాం అని గట్టిగా వాదించాడు. కింది భాగం పల్చగా ఉంటుంది, రక్తం తక్కువ పోతుంది, తర్వాతి కాన్పులో కుట్టు విడిపోయే ప్రమాదం తక్కువ. ఇవాళ మన ఆసుపత్రుల్లో జరిగేవి ఎక్కువగా ఇవే. ఒక్కటే చిక్కు. సరిగ్గా ఆ కింది భాగం ముందే మూత్రాశయం అతుక్కుని ఉంటుంది. అది నిండి ఉంటే ఉబ్బిన బెలూన్ పక్కన బ్లేడ్ ఆడించినట్టే. ఖాళీగా ఉంటే చదునుగా కిందికి జరిగిపోతుంది. పైపుకి ఇది మొదటి కారణం.

రెండో కారణం నడుముకిచ్చే ఇంజెక్షన్. 1898లో జర్మనీలో కీల్ నగరంలో ఆగస్ట్ బియర్ దీన్ని మొదలుపెట్టాడు. తన అసిస్టెంట్ హిల్డెబ్రాంట్‌కి ఇంజెక్షన్ ఇచ్చి, కాళ్ళు నిజంగా మొద్దుబారాయా లేదా అని మోకాలి కింద సుత్తితో కొట్టాడు, వెలిగించిన చుట్టతో కాల్చాడు. ఆయనకి ఏమీ తెలీలేదు. మత్తు దిగాక తెలిసింది. బియర్‌కేమో రోజుల తరబడి లేస్తే తలనొప్పి. సిజేరియన్ తర్వాత కొంతమందికి లేచి కూర్చుంటే వచ్చే తలనొప్పి అదే, డాక్టర్‌కి చెప్తే దానికి చికిత్స ఉంది. మన విషయానికొస్తే, ఆ ఇంజెక్షన్ కాళ్ళతో పాటు మూత్రాశయాన్ని కూడా మొద్దుబారుస్తుంది. నిండినా మనకి తెలీదు. అందుకే మత్తు దిగేదాకా పైపు ఆ పని చూసుకుంటుంది. కిడ్నీకి ఏదో అయ్యిందని కాదు.

మరి ఆ పైపు జారిపోకుండా లోపలే ఎలా ఉంటుంది? చివర చిన్న బెలూన్ ఉంటుంది. ఆ బెలూన్ పైపు అమెరికన్ డాక్టర్ ఫ్రెడరిక్ ఫోలీ పేరు మీద ఉంది. 1930ల్లో ఆయన దాన్ని తయారుచేసింది బాలింతల కోసం కాదండీ. ప్రోస్టేట్ ఆపరేషన్ అయిన మగవాళ్ళకి రక్తం ఆపడానికి, బెలూన్‌తో లోపలినుంచి నొక్కి పట్టడానికి. 1936లో పేటెంట్‌కి వెళ్తే అప్పటికే డేవల్ రబ్బర్ కంపెనీకి చెందిన పాల్ రైష్ పేరు మీద పేటెంట్ వచ్చేసింది. వాదించాడు, చివరికి ఓడిపోయాడు. పేటెంట్ వాళ్ళకి పోయింది, పేరు మాత్రం ఈయనకే మిగిలింది. ఈ రోజుకీ నర్సు స్టోర్‌లో అడిగేది "ఒక ఫోలీస్ ఇవ్వండి" అనే.

పైపు మీద 14 లేదా 16 అని నంబర్ చూసి భయపడకండి. అది పారిస్‌లో పరికరాలు చేసే షారియేర్ పెట్టిన కొలత, 3తో భాగిస్తే మిల్లీమీటర్లు. 16 అంటే 5 మిల్లీమీటర్ల పైచిలుకు లావు, అంతే.

బ్యాగ్ సంగతి ఇంకా ముఖ్యం. చాలాకాలం బ్యాగ్ లేదు. పైపు కొస మంచం కింద మూత లేని సీసాలోకి వదిలేసేవాళ్ళు. గదిలో ఉన్న సూక్ష్మజీవులకి అది నేరుగా రోడ్డు వేసినట్టే. నాలుగైదు రోజులు పైపు ఉంటే దాదాపు అందరి మూత్రంలోనూ బ్యాక్టీరియా చేరేది. 1958లో పాల్ బీసన్ అనే డాక్టర్ క్యాథెటర్‌కి వ్యతిరేకంగా ఏకంగా ఒక సంపాదకీయం రాశాడు. 1966లో కునిన్, మెక్‌కార్మాక్ అనే ఇద్దరు, మూసి ఉన్న బ్యాగ్ వాడితే ఇన్ఫెక్షన్లు బాగా తగ్గుతాయని చూపించారు. మనం చూసే సీల్డ్ బ్యాగ్ అక్కడినుంచి వచ్చింది. అయినా సరే, పైపు ఎన్ని గంటలు ఎక్కువ ఉంటే అంత రిస్క్ అన్నది మాత్రం మారలేదు.

మరి రోజుల తరబడి ఎందుకు ఉంచేవాళ్ళు? పేషెంట్ లేవకూడదు అనుకునేవాళ్ళు కాబట్టి. ఆపరేషన్ అంటే వారాల తరబడి మంచమే. 1899లోనే షికాగోలో ఎమిల్ రీస్ త్వరగా లేపండి అన్నాడు, పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో మంచాలు చాలక త్వరగా లేపాల్సి వచ్చింది. తీరా చూస్తే లేచినవాళ్ళే బాగున్నారు. పడుకునే ఉంటే కాళ్ళలో రక్తం గడ్డలు కట్టే ప్రమాదం ఉంటుంది, అది ప్రాణాంతకం. 1990ల్లో డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్ ఇదే ఆలోచనని ఒక పద్ధతిగా మార్చాడు. దాన్నుంచి వచ్చిన 2019 సిజేరియన్ గైడ్‌లైన్ ఏమంటుందంటే, ప్రత్యేకంగా అవసరం లేకపోతే ఆపరేషన్ అవ్వగానే పైపు తీసెయ్యండి అని. బ్రిటన్‌లో నైస్ సంస్థ మాత్రం, తల్లి నడవగలిగాక, ఎపిడ్యూరల్‌లో చివరి మందు డోస్ ఇచ్చి 12 గంటలు దాటాక అంటుంది. మన దగ్గర మరుసటి రోజు పొద్దున రౌండ్స్‌లో తీసే ఆసుపత్రులు చాలా ఉన్నాయి. అంటే లెక్క ఇంకా తెగలేదు. అందుకే ఆపరేషన్‌కి ముందే "మేడమ్, పైపు ఎప్పుడు పెడతారు, ఎప్పుడు తీస్తారు?" అని అడగండి. సిగ్గుపడాల్సిన ప్రశ్న కాదు. ఇంజెక్షన్ తర్వాత పెడితే పెట్టినట్టే తెలీదు, ముందే పెడితే కాస్త మంటగా ఉంటుంది. ఇంజెక్షన్ అయ్యాక పెట్టమని అడగొచ్చు.

తీసేటప్పుడు సిరంజితో బెలూన్‌లో నీళ్ళు లాగేస్తారు, పైపు జారి వచ్చేస్తుంది, కొన్ని సెకన్ల పని. మొదటిసారి వెళ్ళినప్పుడు కొంచెం చురుక్కుమంటుంది. ఆరు గంటలైనా రాకపోయినా, చుక్కలు చుక్కలుగా వచ్చి పొత్తికడుపు బిగుసుకున్నా నర్సుకి చెప్పాలి, ఓర్చుకోకూడదు. తర్వాత రోజుల్లో జ్వరం, మంట వస్తే కూడా అంతే. మొదటిసారి లేచేటప్పుడు పక్కకి తిరిగి, చేత్తో మంచం నొక్కి లేవాలి. దగ్గు వస్తే కుట్ల మీద దిండు పెట్టి పట్టుకోవాలి.

ఇక్కడే మన ఇళ్ళల్లో ఒక గొడవ ఉంటుంది. బాలింత నీళ్ళు ఎక్కువ తాగకూడదు, పొట్ట పెరుగుతుంది, కుట్లకి చీము పడుతుంది అని. అమ్మమ్మలు ప్రేమతోనే చెప్తారు, నాకు తెలుసు. కానీ అప్పుడే పైపు తీసిన మూత్రాశయానికీ, పాలిచ్చే తల్లికీ కావాల్సింది నీళ్ళే. డాక్టర్ ప్రత్యేకంగా తగ్గించమంటే తప్ప ఆపొద్దు. కారప్పొడి, వెల్లుల్లి ఎంత పెట్టినా పక్కన నీళ్ళ గ్లాసు ఉండనివ్వండి.

ఇది తెలుగువాళ్ళకి ఎందుకు ఇంత అవసరం అంటే ఒక్క లెక్క చెప్తాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద కాన్పుల్లో సిజేరియన్లు 21.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. తెలంగాణలో 60.7, దేశంలోనే ఎక్కువ. ఇన్ని అవసరమా అన్నది వేరే ఎపిసోడ్, గట్టిగానే మాట్లాడుకుందాం. కానీ పదిమందిలో ఆరుగురికి పెట్టే పైపు గురించి ఆ ఆరుగురికీ ముందు చెప్పకపోవడం మాత్రం నాకు మింగుడు పడట్లేదు.

చివరిగా, పక్కన ఉండే భర్తలకి, తమ్ముళ్ళకి. స్ట్రెచర్ మీదనుంచి మంచం మీదకి మార్చేటప్పుడు ఆ బ్యాగ్‌ని తీసి ఆమె పొట్ట మీదో, కాళ్ళ మీదో పెట్టేస్తుంటారు. పెట్టకండి. పైకి లేస్తే పాత మూత్రం వెనక్కి వెళ్తుంది. ఎప్పుడూ పొట్టకంటే కిందే ఉండాలి, నేలకి తగలకూడదు, పైపు మెలిక పడకూడదు. ఫోటో తీసేటప్పుడు అడ్డంగా ఉందని మంచం మీదకి ఎత్తి దాచెయ్యకండి, ఫోటోనే కాస్త పైకి పెట్టి తీసుకోండి. డౌట్స్ ఉంటే కామెంట్స్‌లో అడగండి, ఉంటానండి.