చేపకన్ను కటకము – చరిత్ర చిత్రణము

భూపాలపల్లి జిల్లాలోని పాండవుల గుట్టల రాతిచిత్రములు 1990లో పరిశోధకుల దృష్టికి వచ్చినవి. అట్టి చరియల నీడలో నిలిచి, తలపైని రాతినుండి అడుగువరకు ఒకే పటమున నిముడ్చవలెనన్న కెమెరాతో వెనుకకు జరుగుటకు తావుండదు. చూపు విశాలమైన కటకమే శరణ్యము. అయితే ఏ కటకము?

వీనిలో రెండు తెగలు కలవు. అతివిశాల కటకము నిలువు స్తంభమును నిలువుగానే చూపును. కాని అంచులనున్న తలలను, కుండలను సాగదీయును. 1900 ప్రాంతమున బెర్లినులోని గోయెర్జ్ సంస్థ చేసిన హైపర్గాన్ సుమారు 135 డిగ్రీల మేర పట్టెడిది. నడుమ వెలుగు మిక్కుటమై అంచులు చీకటి యగుచుండుటచే, దాని ముందొక నక్షత్రాకారపు రేకు నమర్చి, రబ్బరు తిత్తితో గాలి ఊది త్రిప్పెడివారు! ఎంత విశాలమైనను ఈ తెగ 180 డిగ్రీల నందుకొనజాలదు. గీతలను సూటిగా నిలుపవలెనన్న పటము అనంతముగా పెరుగవలసివచ్చును.

చేపకన్ను కటకమునకు ఆ నియమము లేదు. నీటిలోని చేపకు పైలోకమంతయు ఒక వృత్తమున నిమిడి కనబడునని 1906లో అమెరికా భౌతికశాస్త్రజ్ఞుడు రాబర్ట్ వుడ్ వివరించి, నీరు నింపిన కెమెరాతో చిత్రములు తీసెను. 1924లో ఇంగ్లండున రాబిన్ హిల్ మబ్బుల పరిశీలనకై ఆకాశమంతటిని పట్టు కటకమును వెలువరించెను. మబ్బులకై ఆకసమంతయు వెదకుట జనగామ రైతునకు ఎవరును నేర్పనక్కరలేదు.

1962లో వచ్చిన నికాన్ 8 మిల్లీమీటర్ల చేపకన్ను, కెమెరా లోపలి అద్దమును పైకెత్తి నిలిపిన గాని అమరెడిది కాదు. 2008 నుండి వచ్చిన అద్దము లేని కెమెరాలలో ఆ యడ్డు తొలగినది. నికాన్ పాత కెమెరాలో కటకపు పీటకును ఫిలిమునకును నడుమ 46.5 మిల్లీమీటర్లు, 2018 నాటి జడ్ తరగతిలో 16 మాత్రమే.

ఇక చరిత్రకు ఏది మేలు? మహబూబాబాద్ జిల్లాలోని బయ్యారము చెరువును తలచుకొనుడు. కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ త్రవ్వించినట్లు అచ్చటి శాసనము చెప్పును. చేపకన్నుతో తీసిన పటమున, కెమెరా కొంచెము వంగినంతనే, కట్టలో సూటిగానున్న భాగము సైతము విల్లగును. ముందు తరములవారు ఆ పటమునే చూచి కట్ట వంపును నిర్ణయించినచో?

రాతిచిత్రముల విషయమున నా యభిప్రాయ మిది: చదునైన రాతికి సమాంతరముగా నిలిపినచో అతివిశాల కటకమే తగినది, బొమ్మల పొందిక చెడదు. చరియ తలమీదికి ఎట్లు వంగినది, ఏ బొమ్మ ఏ మూలనున్నది అను సంగతికి చేపకన్ను పటము నొకదానిని చేర్చవచ్చును. బొమ్మప్రక్కన కొలబద్ద నుంచి, పటము వెనుక కటకము పేరును, దాని మిల్లీమీటర్లను వ్రాయుట మాత్రము మరువరాదు.