వీధిబడిలో సావాసం, పోటీ

పందొమ్మిదో శతాబ్ది తొలినాళ్ల తెలుగుసీమలో వీధిబడి, అంటే అరుగుమీదనో చావడిలోనో ఒకే పంతులు నడిపే బడి, అక్షరాలతోపాటు తోటివారితో మసలే తీరును కూడా పిల్లలకు అలవరచేది. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822లో తలపెట్టిన విద్యావిచారణకు బదులుగా బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక ఆ తీరును కళ్లకు కట్టిస్తుంది. నేటి అనంతపురం ప్రాంతం కూడా కలిసివున్న ఆ జిల్లాలో 533 బడులు, వాటిలో 226 తెలుగు బడులు ఉండగా, చదివేవారు మొత్తం 6,641 మందే. అంటే బడికి సగటున పన్నెండు మంది కాబట్టి, ఏ పిల్లవాడి గెలుపోటములైనా మిగిలిన అందరి కళ్లముందే జరిగేవి.

ఉదయం ఆరింటికి తెరిచే ఆ బడికి అందరికన్నా ముందు వచ్చినవాడి అరచేతిలో గౌరవసూచకంగా సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడికి మెప్పూ నిందా రెండూ లేవన్న గుర్తుగా సున్న చుట్టేవారు. మూడోవాడికి ఒక చిన్న దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆపై వచ్చే ఒక్కొక్కరికీ ఒక్కొక్కటి పెంచుతూ పోయేవారు. ఈ లెక్కన పన్నెండోవాడికి పది దెబ్బలు తప్పవు. పిల్లలంతా వేళకే వచ్చినా ఎవరో ఒకరు చివరివారు కాక తప్పదు గనుక, ఒకడి గౌరవాన్ని మరొకడి వెనుకబాటుకు ముడిపెట్టిన ఈ ఏర్పాటు అన్యాయమైనదే. చదువులో వెనుకబడినవాడికి కోదండం, అంటే రెండు చేతులూ కట్టి పైకప్పునుంచి వేలాడదీసే శిక్ష, అందరి ఎదుటా పడేది.

అయితే ఆ బడిలోనే ముందు చదివినవాడు వెనుకవాడికి నేర్పే పద్ధతి కూడా ఉండేది. ఇసుకలో వేలితో అక్షరం దిద్దే పసివాడికి పక్కన కూర్చునే పెద్ద పిల్లవాడే మొదటి గురువు, నేర్పేవాడికీ తన పాఠం మరింత గట్టిపడేది. మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమాన్ని నిర్వహించిన ఆండ్రూ బెల్ ఇటువంటి దేశీయ బడిలో పిల్లలు ఇసుకలో రాయడం చూసి, ఆ రాతనూ పిల్లలచేత పిల్లలకు చెప్పించే పద్ధతినీ తన ఆశ్రమంలో అమలుచేసి, 1797లో లండనులో పుస్తకంగా ప్రకటించగా, అది మద్రాసు పద్ధతి అన్న పేరుతో ఇంగ్లండు బడులకు పాకింది. ఇంగ్లండు అనుకరించదగినదిగా క్యాంప్‌బెల్ మెచ్చుకున్నది ఈ పరస్పర బోధననే.

దసరా వచ్చినప్పుడు ఈ చెలిమి వీధిలోకి నడిచేది. పిల్లలు విల్లంబులు పట్టుకొని పంతులు వెంట పాడుతూ ఇంటింటికీ తిరిగి, పంతులుకు కానుకలూ తమకు పప్పుబెల్లాలూ అడిగేవారు. అరుగుమీద పోటీపడినవారికి అక్కడ ఒకే పాట, ఒకే పంపకం.

ఇంతటి సావాసం ఎందరికి దక్కిందన్న ప్రశ్నకు మాత్రం ఆ నివేదిక అంకెలే కఠినమైన జవాబు చెబుతున్నాయి: జిల్లా జనాభా తొమ్మిది లక్షలు దాటినా బడికి వెళ్లినవారు వెయ్యికి సుమారు ఏడుగురే, ఆ 6,641 మందిలో బాలికలు 60 మంది.