ఎమిరేట్స్‌లో వ్యాపార స్థాపన, సిబ్బంది నియామకం

యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ జనాభాలో పదింట తొమ్మిది వంతుల దాకా బయటి దేశాల వాళ్లే. దుకాణమైనా, వర్క్‌షాపైనా, ఆస్పత్రైనా, సాఫ్ట్‌వేర్ ఆఫీసైనా నడిపేవాళ్లూ పనిచేసేవాళ్లూ చాలావరకు వలస వచ్చినవాళ్లే. అందుకే అక్కడ కంపెనీ చట్టం, కార్మిక చట్టం, వీసా నిబంధనలు దేనికది విడిగా నడవవు. కంపెనీ లైసెన్సు, ఆఫీసు అద్దె ఒప్పందం, పనివాడి వీసా, జీతం జమయ్యే బ్యాంకు ఖాతా అన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. 2021 తర్వాతి సంస్కరణలతో కంపెనీ పెట్టడం బాగా తేలికైంది. అసలు బరువు మనుషుల్ని పనిలో పెట్టుకునే దగ్గరే మొదలవుతుంది. కొత్తగా వెళ్లేవాళ్లు లైసెన్సు ఖర్చు పైసాతో సహా లెక్కేసుకుంటారు గానీ ఈ రెండో లెక్క వెయ్యరు.

యాజమాన్యం: 51 శాతం కథ

భారతీయ వర్తకులు దుబాయ్ ఖోర్ ఒడ్డున చమురు రోజులకు ముందునుంచే ఉన్నారు. 1966 దాకా ఆ బజారులో చెల్లింది రూపాయే. రిజర్వ్ బ్యాంకు 1959లో గల్ఫ్ కోసం ప్రత్యేకంగా రూపాయి నోట్లు కూడా అచ్చువేసింది. 1971 డిసెంబర్ 2న ఎమిరేట్స్ సమాఖ్యగా ఏర్పడ్డాక, 1984 నాటి కంపెనీల చట్టం స్థానికుల వాటా కనీసం 51 శాతం ఉండాలని నిర్దేశించింది. ఆచరణలో ఇది వేరే రూపం తీసుకుంది. కాగితం మీద ఎమిరాతీ భాగస్వామికి 51 శాతం ఉండేది. పెట్టుబడి, పెత్తనం మాత్రం బయటివాడివి. భాగస్వామికి ఏడాదికింత అని ముట్టజెప్పి, లోపాయికారీగా ఇంకో ఒప్పందం రాసుకునేవారు. సంబంధాలు చెడి గొడవ కోర్టుకెక్కితే ఆ రెండో కాగితానికి విలువ ఎంతన్నది ఎప్పుడూ అనుమానమే.

2020లో వచ్చిన సవరణ 2021 జూన్ 1 నుంచి ఈ నిబంధనను చాలా రంగాల్లో ఎత్తేసింది. 2022 జనవరి 2న అమల్లోకి వచ్చిన కొత్త కంపెనీల చట్టం ప్రకారం పరిమిత బాధ్యత కంపెనీని ఒక్క వాటాదారుతోనే పెట్టవచ్చు, గరిష్ఠంగా 50 మంది దాకా ఉండవచ్చు. భద్రత, రక్షణ, బ్యాంకులు, బీమా, కరెన్సీ ముద్రణ, టెలికాం, హజ్ ఉమ్రా సేవలు వంటి కొన్నింటిని మాత్రం వ్యూహాత్మక రంగాలుగా ప్రకటించి విడిగా ఉంచారు. పూర్తి యాజమాన్యం ఏయే వ్యాపారాల్లో కుదురుతుందన్న జాబితాను ఏ ఎమిరేట్‌కు ఆ ఎమిరేట్ ఆర్థిక శాఖ నిర్ణయిస్తుంది. దుబాయ్‌లో చెల్లినది షార్జాలోనూ చెల్లుతుందనుకోకూడదు.

మెయిన్‌ల్యాండా, ఫ్రీ జోనా?

ఆ 51 శాతం నిబంధనను దాటడానికి పుట్టిన దారి ఫ్రీ జోన్. 1985లో జెబెల్ అలీ రేవు పక్కన మొదటిది వచ్చింది. ఇప్పుడు దేశమంతటా 40కి పైగా ఉన్నాయి. ఫ్రీ జోన్ కంపెనీకి లైసెన్సు ఇచ్చేదీ, దాని ఉద్యోగుల వీసా పని చూసేదీ ఆ జోన్ సంస్థే. ఎగుమతి దిగుమతులకు, ఐటీ సేవలకు, కన్సల్టెన్సీకి ఇది అనువు. దుబాయ్ వీధుల్లో సరుకు అమ్మాలనుకుంటే మాత్రం మామూలుగా మెయిన్‌ల్యాండ్ (ఫ్రీ జోన్ల బయటి ప్రాంతం) లైసెన్సు గానీ, అక్కడి డిస్ట్రిబ్యూటర్ గానీ ఉండాలి. జోన్ కంపెనీలు అనుమతి తీసుకుని మెయిన్‌ల్యాండ్‌లో పనిచేసే ఏర్పాటును 2025లో దుబాయ్ తెచ్చింది.

పూర్తి యాజమాన్యం మెయిన్‌ల్యాండ్‌లోనూ దొరుకుతున్నాక చిన్న వ్యాపారికి ఫ్రీ జోన్ మీద మునుపటి మోజు అక్కర్లేదు. ప్రకటనల్లో కనిపించే చౌక ప్యాకేజీల్లో చాలావరకు ఒకటి రెండు వీసాలే ఉంటాయి, లేదా అసలే ఉండవు. ఒక బల్ల, ఒక కుర్చీ అద్దెకిచ్చే ఫ్లెక్సీ డెస్క్ మీద పది మందిని పెట్టుకోవడం కుదరదు. ఆఫీసు వైశాల్యాన్ని బట్టే వీసాల కోటా.

లైసెన్సు దాకా

దుబాయ్ కరామాలో ఒక చిన్న టిఫిన్ హోటల్ పెట్టాలనుకుందాం. ముందు వ్యాపారం ఏ కార్యకలాపం కిందికి వస్తుందో తేల్చుకోవాలి. అక్కడ ‘కాఫెటేరియా’ వేరు, ‘రెస్టారెంట్’ వేరు. లైసెన్సు మీద రాసినదే చెయ్యాలి. తర్వాత పేరు నమోదు, ఆపైన ప్రాథమిక అనుమతి. అది చేతికొచ్చాక షాపు అద్దెకు తీసుకుని, ఒప్పందాన్ని ‘ఈజారీ’ అనే అద్దె నమోదు వ్యవస్థలో నమోదు చెయ్యాలి. వంటగది ప్లాను దుబాయ్ మునిసిపాలిటీ చూసి ఒప్పుకోవాలి. పొగగొట్టం ఎక్కడికి పోతుంది, చేతులు కడిగే సింకు గిన్నెలు తోమే సింకుకు విడిగా ఉందా లేదా అన్నవన్నీ అందులో ఉంటాయి. అవన్నీ తేలాకే లైసెన్సు. షాపు అద్దె మాత్రం అంతకుముందే మొదలైపోతుంది. చిన్న హోటల్ వాళ్ల పెట్టుబడి తలుపు తెరవకముందే కరిగిపోవడం ఈ నెలల్లోనే.

లైసెన్సు వచ్చిన వెంటనే రెండు నమోదులు కావాలి. ఒకటి ఇమిగ్రేషన్ వారి ఎస్టాబ్లిష్‌మెంట్ కార్డు. రెండోది మానవ వనరులు, ఎమిరటైజేషన్ మంత్రిత్వ శాఖలో కంపెనీ ఫైలు. ఈ రెండూ లేనిదే యజమాని ఒక్క మనిషిని కూడా రప్పించలేడు. ఈ ఆఫీసుల చుట్టూ తిరిగి పనులు చక్కబెట్టే ఉద్యోగిని అక్కడ పీఆర్వో అంటారు. ఎన్ని పనులు ఆన్‌లైన్‌లోకి మారినా పీఆర్వో అవసరం పోలేదు.

బ్యాంకు ఖాతా తెరవడం చాలామంది ఊహించినదానికన్నా ఆలస్యమవుతుంది. డబ్బు ఎక్కడినుంచి వస్తోంది, అసలు యజమాని ఎవరు, కొనేవాళ్లు ఏ దేశాల్లో ఉన్నారు అని బ్యాంకు గుచ్చిగుచ్చి అడుగుతుంది. మనీ లాండరింగ్ మీద నిఘా పెట్టే అంతర్జాతీయ సంస్థ ఎఫ్‌ఏటీఎఫ్ 2022 మార్చిలో ఎమిరేట్స్‌ను గ్రే లిస్టులో పెట్టి 2024 ఫిబ్రవరిలో తొలగించింది. బిగించిన తనిఖీలు మాత్రం సడలలేదు.

పన్నులు లేని దేశమన్న మాట ఇప్పుడు సగమే నిజం. జీతం మీద ఆదాయపన్ను లేదు. 2018 జనవరి 1 నుంచి 5 శాతం వ్యాట్ ఉంది. ఏడాది అమ్మకాలు 3,75,000 దిర్హామ్‌లు దాటితే నమోదు తప్పనిసరి. 2023 జూన్ 1న గానీ ఆ తర్వాత గానీ మొదలయ్యే ఆర్థిక సంవత్సరాల నుంచి కంపెనీల లాభంలో 3,75,000 దిర్హామ్‌లు దాటిన భాగం మీద 9 శాతం కార్పొరేట్ పన్ను పడుతుంది. పన్ను కట్టే పని లేకపోయినా నమోదు చేసుకోవాల్సిందే. ఆలస్యమైతే జరిమానా 10,000 దిర్హామ్‌లు. ఫ్రీ జోన్‌లో సున్నా శాతం అర్హమైన ఆదాయానికే వర్తిస్తుంది.

మనిషిని పనిలో పెట్టుకోవడం

ప్రైవేటు రంగ ఉద్యోగాలకు ఆధారం 2021 నాటి 33వ నంబరు ఫెడరల్ చట్టం. అమల్లోకి వచ్చింది 2022 ఫిబ్రవరి 2న. దుబాయ్‌లోని డీఐఎఫ్‌సీ, అబుదాబీలోని ఏడీజీఎం అనే రెండు ఆర్థిక కేంద్రాలకు సొంత చట్టాలున్నాయి. మిగతా ఫ్రీ జోన్లకూ ఈ ఫెడరల్ చట్టమే వర్తిస్తుంది.

వరస ఇలా ఉంటుంది. మంత్రిత్వ శాఖ నమూనాలో ఆఫర్ లెటర్ తయారుచేసి ఉద్యోగి సంతకం తీసుకోవాలి. దాని మీద వర్క్ పర్మిట్, ఆపైన ఎంట్రీ పర్మిట్ వస్తాయి. మనిషి దిగాక మెడికల్, వేలిముద్రలు, ఎమిరేట్స్ ఐడీ, రెసిడెన్సీ. మామూలు ఉద్యోగికి రెసిడెన్సీ రెండేళ్లకు ఇస్తారు. ఒక్కో పనివాడి తరఫున కంపెనీ 3,000 దిర్హామ్‌ల బ్యాంకు గ్యారంటీ గానీ, దానికి బదులుగా బీమా గానీ చూపాలి. యజమాని జీతం ఎగ్గొట్టి మాయమైతే పనివాడికి ఆధారం అదే. ఈ ఖర్చుల్లో ఒక్క దిర్హామ్ కూడా ఉద్యోగి దగ్గర వసూలు చెయ్యకూడదని చట్టం. పాస్‌పోర్టు లాక్కుని దాచుకోవడమూ నేరమే. ఈ రెండు నిబంధనల్నీ తప్పేవాళ్లు ఇంకా ఉన్నారని గల్ఫ్ వెళ్లొచ్చిన ఏ ఊళ్లో అడిగినా చెబుతారు.

ఒప్పందాలన్నీ ఇప్పుడు నిర్ణీత కాలానికే. ప్రొబేషన్ ఆరు నెలలు మించకూడదు. రోజుకు 8, వారానికి 48 గంటల పని. ఓవర్‌టైమ్‌కు 25 శాతం అదనం, రాత్రి 10 నుంచి తెల్లవారుజామున 4 మధ్య అయితే 50 శాతం. ఏడాదికి 30 రోజుల వేతన సెలవు. ప్రసూతి సెలవు 60 రోజులు, అందులో 45 రోజులకు పూర్తి జీతం. ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల మధ్య ఎండలో పని చేయించకూడదు.

జీతాలు బ్యాంకు ద్వారానే పడాలి. ఇందుకోసం 2009లో వేజ్ ప్రొటెక్షన్ సిస్టమ్ తెచ్చారు. ఏ కంపెనీ ఎవరికి ఎంత, ఏ రోజు వేసిందో మంత్రిత్వ శాఖకు తెలిసిపోతుంది. 2022 నాటి నిబంధన ప్రకారం గడువు దాటి 15 రోజులైనా జీతం పడకపోతే కంపెనీని బకాయిదారుగా లెక్కిస్తారు. ఆ తర్వాత కొత్త పర్మిట్లు ఆగిపోతాయి. ‘బిల్లులు రాలేదు, వచ్చే నెల రెండూ కలిపి ఇస్తా’ అనే మన పక్క సర్దుబాటు అక్కడ చెల్లదు. సిబ్బంది ఒప్పుకున్నా కంప్యూటర్ ఒప్పుకోదు. అందుకే రెండు మూడు నెలల జీతాల మొత్తం చేతిలో లేకుండా సిబ్బందిని పెంచకపోవడం మేలు.

విదేశీ ఉద్యోగులకు పింఛను లేదు. దాని స్థానంలో ఉన్నది గ్రాట్యుటీ. ఏడాది సర్వీసు నిండాలి. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూల వేతనం, ఆపై ప్రతి ఏడాదికి 30 రోజులది. మొత్తం రెండేళ్ల జీతం దాటదు. మూల వేతనం నెలకు 3,000 దిర్హామ్‌లు ఉన్న వంటమాస్టరు ఏడేళ్లు చేసి వెళ్తుంటే రోజుకు 100 లెక్కన మొదటి ఐదేళ్లకు 10,500, తర్వాతి రెండేళ్లకు 6,000, వెరసి 16,500 దిర్హామ్‌లు ముట్టాలి. అదే 3,000ను ఒప్పందంలో 1,500 మూల వేతనం, 1,500 అలవెన్సులుగా విడగొడితే చేతికొచ్చేది 8,250. నెల జీతం ఒకటే, తేడా మాత్రం ఉద్యోగం మానే రోజున తెలుస్తుంది. సంతకం పెట్టేవాడు మొదట చూడాల్సిన గడి ఇది. యజమాని కూడా ఈ బాకీని ఏటా విడిగా తీసిపెట్టుకోవాలి.

తగాదా వస్తే ఉద్యోగి ముందు మంత్రిత్వ శాఖకు ఫిర్యాదు చేస్తాడు. 2024 జనవరి నుంచి 50,000 దిర్హామ్‌ల లోపు వివాదాలను ఆ శాఖే తేల్చేస్తోంది.

యాభై మంది గానీ అంతకు మించి గానీ ఉన్న కంపెనీకి ఇంకో బాధ్యత కూడా ఉంది. నైపుణ్య ఉద్యోగాల్లో ఎమిరాతీల వాటాను ఏటా 2 శాతం చొప్పున పెంచుతూ 2026 చివరికి 10 శాతానికి చేర్చాలి. తప్పితే, లోటున్న ఒక్కో ఉద్యోగానికి నెలకు 6,000 దిర్హామ్‌లతో 2023లో జరిమానా మొదలై ఏటా వెయ్యి చొప్పున పెరుగుతూ వచ్చింది. కొన్ని రంగాల్లో 20 నుంచి 49 మంది ఉన్న సంస్థలనూ 2024 నుంచి దీని కిందికి తెచ్చారు. జీతాల పట్టికలో పేరు మాత్రమే ఉన్న ఎమిరాతీ ఉద్యోగులను చూపించే కంపెనీలకు విడిగా శిక్షలున్నాయి.

తెలుగు జిల్లాల నుంచి పనివాళ్లు

కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్‌కు వలస దశాబ్దాలుగా సాగుతోంది. అక్కడ కంపెనీ పెట్టిన తెలుగువాడు సాధారణంగా సొంత ఊరి కుర్రాళ్లనే పిలుచుకుంటాడు. అప్పుడు అక్కడి చట్టంతో పాటు మన 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కూడా వర్తిస్తుంది. పదో తరగతి పాసవ్వనివారికి సాధారణంగా ఈసీఆర్ పాస్‌పోర్టు ఉంటుంది. ఎమిరేట్స్‌లో ఉద్యోగానికి వెళ్లాలంటే వీరికి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి. యజమాని భారత ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో నమోదు కావాలి. లైసెన్సున్న ఏజెంటు తీసుకోగలిగే రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ ప్రభుత్వ పక్షాన నియామకాలు చూస్తాయి.

ఇదంతా ఆలస్యమని విజిట్ వీసా మీద రప్పించి పనిలో దింపేవారున్నారు. ‘ఆజాద్ వీసా’ మరో దారి. ఎవరో కఫీల్ (స్పాన్సర్) పేరున వీసా కొనుక్కుని వెళ్లి, పని మాత్రం దొరికిన చోట చెయ్యడం. పట్టుబడితే నష్టం ఇద్దరిదీ. పర్మిట్ లేని మనిషిచేత పని చేయిస్తే యజమానికి లక్ష నుంచి పది లక్షల దిర్హామ్‌ల దాకా జరిమానా వెయ్యవచ్చని 2024 ఆగస్టు సవరణ చెబుతోంది. పనివాడి పరిస్థితి ఇంకా ఘోరం. ఆమ్నెస్టీ ప్రకటించేదాకా దాక్కుని బతకాలి. చివరిసారి ఆ అవకాశం 2024 సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా దొరికింది.

పెట్టుబడి, మూసివేత

భారత్‌లో నివసించేవారు వ్యక్తిగా బయటికి పంపగలిగేది ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్లు. కంపెనీలో వాటా కోసం పంపే డబ్బుకు 2022 ఆగస్టులో వచ్చిన విదేశీ పెట్టుబడి నిబంధనలు వర్తిస్తాయి. బ్యాంకు ద్వారా వివరాలు దాఖలు చేసి, ఆపైన ఏటా కంపెనీ పనితీరు నివేదిక ఇవ్వాలి. దుబాయ్‌లో ఉన్న బంధువు పేర నడిపించేసి ఈ కాగితాలు వదిలేయడం మామూలే. లాభాలు తిరిగి ఇంటికి తెచ్చుకునేటప్పుడు బ్యాంకు అడిగేది వాటినే.

వ్యాపారం నడవక తాళం వేసి వచ్చేస్తే కంపెనీ మూతపడినట్టు కాదు. పరిమిత బాధ్యత కంపెనీ అయితే లిక్విడేటర్‌ను నియమించి, అప్పులిచ్చినవారికి ప్రకటన ఇచ్చి, 45 రోజులు ఆగాలి. ఈలోగా ఉద్యోగులందరికీ గ్రాట్యుటీ, సెలవుల డబ్బు ఇచ్చి, వీసాలు రద్దు చేయించాలి. వ్యాట్, కార్పొరేట్ పన్ను నమోదులు కూడా తీసేయించాలి. లైసెన్సు రెన్యువల్ చెయ్యకుండా వదిలేస్తే జరిమానాలు పేరుకుంటూనే ఉంటాయి. ఆ కంపెనీ కింద ఒక్క ఉద్యోగి వీసా మిగిలి ఉన్నా లైసెన్సు రద్దు కాదు.