ఛాయాగ్రహణము: అభ్యాసము, అరుగుదల

ఏ విద్యయైనను చేయగా చేయగా వచ్చును. అయితే ఒక్కసారి చేయుటకు ఎంత ఖర్చగును? చేసిన తప్పు ఎంతసేపటికి తెలియును? ఆ విద్య ఎందరికి అందునన్నది ఈ రెండు ప్రశ్నలపై ఆధారపడి యుండును. ఛాయాగ్రహణ చరిత్ర ఇందుకు మంచి నిదర్శనము.

ఫ్రాన్సు దేశస్థుడైన నియెప్సు 1826-27 ప్రాంతమున తన కిటికీనుండి కనబడు దృశ్యమును ఒక లోహపు రేకుపై నిలిపెను. రేకుపై పూసిన తారువంటి పదార్థము వెలుతురు తగిలినచోట గట్టిపడును. ఆ ఒక్క చిత్రమునకు గంటల తరబడి వెలుతురు సోకవలసి వచ్చెను. 1839లో వెల్లడియైన డాగేరు పద్ధతితో గంటలు నిమిషములకు దిగెను. 1851లో ఇంగ్లండునందు ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చరు కలోడియను పద్ధతిని ప్రకటించెను. గాజుపలకకు ద్రావకము పూసి, తడి ఆరకముందే చిత్రము తీసి, వెంటనే కడుగవలెను. ఆరుబయట పనిచేయువాడు చీకటి గుడారమును కూడ మోసుకొని పోవలసినదే. శ్రమ అధికము, చిత్రములు కొద్ది. కాని తప్పు మాత్రము అక్కడికక్కడే తెలియుచుండెను.

1871లో మాడాక్సు అను ఆంగ్ల వైద్యుడు జెలటిను పూత గల పొడిపలకకు దారిచూపెను. పలకలను ముందుగనే తయారుచేసికొని, తరువాత తీరికగా కడుగు వీలు కలిగెను. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ఆస్థాన ఛాయాగ్రాహకుడైన లాలా దీనదయాళు సికింద్రాబాదులో చిత్రశాల నెలకొల్పినది ఈ మార్పు జరుగుచున్న 1880 దశకముననే. ఆయన చిత్రశాలకు చెందిన 2,857 గాజుపలకలు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకు చేరినవి. నేడు ఒక విద్యార్థి కొద్ది వారములలో అన్ని చిత్రములు తీయగలడు!

1888లో ఈస్ట్‌మన్ అమెరికాలో కొడాక్ కెమేరాను 25 డాలర్లకు అమ్మజూపెను. అందులోని ఫిల్ముపై 100 చిత్రములు పట్టును. అవి పూర్తి కాగానే కెమేరాను యథాతథముగా కర్మాగారమునకు పంపిన చాలును. పని సులభమయ్యెను, కాని తప్పు తెలియుట ఆలస్యమయ్యెను. 1925లో లైప్‌జిగ్ సంతలో కనబడిన లైకా కెమేరాకు చుట్టకు 36 చిత్రములు. ఏ చిత్రమును ఎంత వేగముతో తీసినదీ పుస్తకములో వ్రాసికొనని విద్యార్థి, ఫిల్ము కడిగి వచ్చునప్పటికి అంతయు మరచియుండును.

ఎక్కువ తీయుట, తీసినది చూచుకొనుట వేరువేరు పనులు. అమెరికా ఛాయాగ్రాహకుడు గ్యారీ వినోగ్రాండు 1984లో మరణించునాటికి, తీసియు కడుగని ఫిల్ము చుట్టలు సుమారు 2,500 మిగిలెను. చుట్టకు 36 చొప్పున అవి 90,000 చిత్రములు. వాటిని తీసినవాడే చూడలేదు.

1969లో బెల్ ప్రయోగశాలలో బాయిలు, స్మిత్తు అను శాస్త్రజ్ఞులు కాంతిని విద్యుదావేశముగా గ్రహించి వరుసగా అందించు సి.సి.డి. పరికరమును రూపొందించిరి. 1975లో కొడాక్ సంస్థ ఇంజనీరు స్టీవెన్ సాసన్ దానితో ఒక కెమేరా నిర్మించెను. చిత్రమునకు 10,000 బిందువులు మాత్రమే. దానిని టేపుపై నమోదు చేయుటకు 23 సెకండ్లు పట్టెను. డిజిటల్ కెమేరాలు సామాన్యులకు అందుబాటులోనికి వచ్చుసరికి మరి పాతికేండ్లకు పైగా గడచెను. వాటితో తడిపలక కాలపు సద్యఃఫలితము, ఫిల్మునాటి సౌలభ్యము ఒక్కచోట చేరినవి. తీసిన మరుక్షణమే చిత్రము తెరపై కనబడును. షట్టరు వేగము, కటకపు ద్వార పరిమాణము చిత్రముతోపాటు నమోదగును. ఆ పుస్తకము వ్రాయు పని కెమేరాయే చేయును.

మరి ఖర్చు పూర్తిగా పోయినదా? పోలేదు, పలకనుండి యంత్రమునకు మారినది. అద్దము గల కెమేరాలో మీట నొక్కిన ప్రతిసారి అద్దము పైకి లేచును. షట్టరు మొదటి తెర తెరచుకొనును, రెండవది మూసికొనును. పలుచని రేకులతో చేసిన ఈ తెరలు సెకండులో కొద్ది వెయ్యవవంతుల కాలములో పరుగెత్తి ఆగవలెను. కనుక రేకులు, స్ప్రింగులు క్రమముగా అరుగును. 2008లో వచ్చిన కేనన్ 5డి మార్క్ 2 షట్టరును 1,50,000 సార్లకు, 2007 నాటి నికాన్ డి3 షట్టరును 3,00,000 సార్లకు పరీక్షించినట్లు తయారీదారులు ప్రకటించిరి. ఇది ఆయుర్దాయపు హామీ కాదు. కొన్ని ముందే చెడును, కొన్ని ఇంకను పనిచేయును. రోజుకు 100 చిత్రములు తీసినచో 1,50,000 పూర్తియగుటకు 1,500 రోజులు, అనగా నాలుగేండ్లకు కొంచెము పైగా పట్టును. 2021లో వచ్చిన నికాన్ జడ్9లో కదలెడి షట్టరే లేదు. సెల్‌ఫోను కెమేరాలును సాధారణముగా అట్టివే.

ఉపాధ్యాయులు తరగతిలో ఒక చిన్న ప్రయోగము చేయించవచ్చును. తిరుగుచున్న పంకాను సెకండులో 30వ వంతు, 125వ వంతు, 500వ వంతు వేగములతో ఒక్కొక్కసారి తీయించి, మూడింటిని ప్రక్కప్రక్కన చూపవలెను. రెక్కలు ఏ చిత్రములో చెరిగినవి, ఏ చిత్రములో నిలిచినవి, ఎందువలన అని విద్యార్థులచే చెప్పించవలెను. షట్టరు మూడుసార్లే కదలును; నేర్చుకొన్నది మాత్రము చాలకాలము నిలుచును.